హైఫై: పెట్టె మీద మాట, చెవిలో మాట

తెలుగు వాడుకలో హైఫై అంటే ముందు తోచేది పాట కాదు, దర్జా. హైఫై పెళ్లి, హైఫై కాలేజీ, హైఫై ఇంగ్లీషు అని జనం అంటుంటారు. ఆ మాటకు పుట్టిల్లు మాత్రం ఆడియో. హై ఫిడెలిటీ అన్న రెండు మాటలను కుదిస్తే హైఫై అయింది. ఫిడెలిటీ అంటే నమ్మకంగా ఉండటం. రికార్డులో ఉన్నదానికి ఏదీ చేర్చకుండా, ఏదీ మింగేయకుండా చెవిదాకా తీసుకురావడమే హై ఫిడెలిటీ. ఉత్తరం విప్పి, నాలుగు మంచి మాటలు తనవి కలిపి ఇచ్చే పోస్ట్‌మ్యాన్ ఎంత కలుపుగోలు మనిషైనా నమ్మదగినవాడు కాడు. బాస్ పెంచి ప్రతి పాటనూ హుషారుగా వినిపించే స్పీకరూ అలాంటిదే. (వైఫై కూడా ఈ ఇంటి బిడ్డే. 1999లో వైర్‌లెస్ నెట్‌వర్క్‌కు జనం నోట్లో పలికే పేరు కావాల్సి వస్తే, ఇంటర్‌బ్రాండ్ సంస్థ హైఫైకి ప్రాస కుదిరేలా ఆ పేరు పెట్టింది. అందులోని ‘ఫై’కి విడిగా అర్థం లేదు.)

బ్రిటిష్ ఇంజనీరు హెచ్.ఎ. హార్ట్‌లీ 1927లో ఈ మాటను తానే వాడుకలోకి తెచ్చానని చెప్పుకున్నాడు. 1930లకల్లా అది ప్రకటనల్లోకి ఎక్కింది. 1948లో కొలంబియా సంస్థ ఎల్పీ రికార్డు తెచ్చాక, 1950లలో అమెరికా, ఇంగ్లండ్ ఇళ్లలో హైఫై ఒక వ్యసనమే అయింది. ఎవరు పడితే వారు వాడుతున్న మాటకు హద్దు గీయాలని 1960లలో పశ్చిమ జర్మనీ ప్రయత్నించింది. డీఐఎన్ 45500 అనే ప్రమాణం ప్రకారం హైఫై అని పిలిపించుకోవాలంటే యాంప్లిఫయర్ 40 నుంచి 16,000 హెర్ట్జ్ దాకా దాదాపు సమంగా పలకాలి, వక్రీకరణ 1 శాతం దాటకూడదు. స్పీకరు కనీసం 50 నుంచి 12,500 హెర్ట్జ్ దాకా అందుకోవాలి. నేటి కళ్లతో చూస్తే ఇవి చిన్న అంకెలు. ఫోన్‌కు తగిలించే వేలెడంత అడాప్టర్ కూడా ఆ యాంప్లిఫయర్ షరతును సులువుగా దాటేస్తుంది.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. పాత ప్రమాణాన్ని అందరూ దాటేశారు, కొత్తది తప్పనిసరి చేసినవారు లేరు. బంగారానికి హాల్‌మార్క్ ఉన్నట్టు హైఫైకి పరీక్షించి వేసే తప్పనిసరి ముద్ర లేదు. కాబట్టి దుకాణంలో ఆ మాట ఉన్న పెట్టెను చూసినప్పుడు, ఆ మాట ఏమీ చెప్పడం లేదని అనుకుని మొదలుపెట్టడం మంచిది.

ఏ మూలానికి నమ్మకం?

నమ్మకం అంటే ఎవరో ఒకరి పట్ల ఉండాలి. పరికరం దేనికి నమ్మకంగా ఉండాలి? అసలు కచేరీకి అని వెంటనే జవాబు వస్తుంది. ఆ జవాబు అనిపించినంత గట్టిది కాదు. హైదరాబాద్ రవీంద్రభారతిలోనో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో మూడో వరుసలో కూర్చుని కచేరీ విన్నవారు విన్నది ఏమిటి? మైకుల్లోంచి మిక్సర్ గుండా హాలు స్పీకర్లలోంచి వచ్చిన శబ్దం. ఆ మృదంగం తొప్పి వైపు గంభీరతలో సగం సౌండ్ మనిషి చేతి పని. అసలు అనుకున్నదే స్పీకర్ లోంచి వచ్చింది.

సినిమా పాటలో అది కూడా లేదు. గొంతు ఒక రోజు ఒక ఊళ్లో, తీగవాద్యాలు ఇంకో రోజు ఇంకో ఊళ్లో, తాళం కంప్యూటర్లో. ఆ పాట ఒకేసారి ఎక్కడా జరగలేదు. మిక్సింగ్ ఇంజనీరు గదిలో రెండు స్పీకర్ల మధ్య మొదటిసారి పుట్టింది. ఘంటసాల కాలపు సినిమా పాటలు మోనో. వాటిలో గొంతూ వాద్యాలూ అన్నీ ఒకే బిందువు నుంచి రావడమే నిజం. వాటిని గదంతా పరిచి చూపించే ‘సరౌండ్’ మీట నొక్కితే వినసొంపుగా ఉండవచ్చు, కానీ అది నమ్మకం కాదు, అలంకారం.

అందువల్ల ఆచరణలో హై ఫిడెలిటీ అంటే రికార్డింగుకు నమ్మకంగా ఉండటమే. అందులోనూ ఒక ముడి ఉంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో, తర్వాత హార్మన్ సంస్థలో స్పీకర్ల మీద దశాబ్దాలు పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ దానికి ‘గందరగోళ వలయం’ అని పేరు పెట్టాడు. స్టూడియోలో ఇంజనీరు తన ముందున్న స్పీకర్లను విని పాటను సరిచేస్తాడు. ఆ స్పీకర్లలో బాస్ తక్కువైతే పాటలో బాస్ ఎక్కువ పెడతాడు. ఆ పాటనే పరీక్షగా పెట్టి జనం ఇంటి స్పీకర్లు ఎంచుకుంటారు. ఏ స్పీకర్ తప్పు ఏ పాటలో దాక్కుందో తేల్చడం కష్టం. స్టూడియోలోనూ ఇంట్లోనూ సమంగా పలికే స్పీకర్లు ఉంటేనే ఈ వలయం తెగుతుంది. హైఫై కోరుకునేవారు సమత్వం కోసం పట్టుబట్టడానికి కారణం ఇదే.

రికార్డింగే పాడైతే ఏ పరికరమూ బాగుచేయలేదు. 1990ల నుంచి పాటలన్నీ ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా వినపడాలని, చిన్న శబ్దాలను పైకి లేపి పెద్ద శబ్దాలను నలిపేసే అలవాటు ముదిరింది. మెటాలికా బృందం 2008 ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ దీనికి పేరుమోసిన ఉదాహరణ. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో నలగకుండా వినిపించడంతో, కొన్న సీడీ కంటే ఆటే మేలని అభిమానులు గోల చేశారు. ఇప్పుడు స్ట్రీమింగ్ సేవలు పాటలన్నిటినీ ఒకే స్థాయికి దించి వినిపిస్తున్నాయి, స్పాటిఫై సాధారణంగా గట్టితనపు కొలతలో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర. దాంతో గట్టిగా అరిచే పాటకు దక్కే లాభం తగ్గింది. నలిగిపోయిన పాత మాస్టర్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకే పాటకు రెండు మూడు ముద్రణలు దొరికినప్పుడు ఏది తెరిపిగా ఉందో విని ఎంచుకోవడం, ఖరీదైన యాంప్లిఫయర్ కొనడం కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది. దానికి ఖర్చూ లేదు.

గొలుసులో బలహీనమైన లంకె

పాట ఫైలు నుంచి చెవి దాకా ఒక గొలుసు: ఫైలు, దాన్ని విద్యుత్ తరంగంగా మార్చే డాక్, యాంప్లిఫయర్, స్పీకరు లేదా హెడ్‌ఫోను, గది. డబ్బు పెట్టేముందు ఏ లంకె వదులుగా ఉందో చూసుకోవాలి. క్యాసెట్ రోజుల్లో మొదటి లంకెలే వదులు. టేపు ఉస్సుమనేది, బెల్టు సాగితే శ్రుతి జారేది. ఆ కాలంలో డెక్కు మీద, టేపు రకం మీద డబ్బు పెట్టడం న్యాయమే.

1982లో సీడీ రాకతో లెక్క మారింది. సీడీ సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తుంది. కొలతల సంఖ్యలో సగం దాకా ఉన్న పౌనఃపున్యాలన్నీ తిరిగి రాబట్టవచ్చన్నది గణితం. అంటే 22,050 హెర్ట్జ్ దాకా. మనిషి చెవి పసితనంలో 20,000 దాకా వింటుంది. వయసు పెరిగేకొద్దీ పై అంచు తగ్గుతుంది, నడివయసు దాటినవారిలో 15,000 కూడా అందనివారు చాలామంది. ఇక 16 బిట్లంటే అతి నెమ్మది శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడా. ఫ్యాను తిరుగుతూ, వీధి చప్పుడు లోపలికి వచ్చే హాలులో నిశ్శబ్దమే 40 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. పాట శిఖరం 100 అనుకున్నా, చెవికి మిగిలే చోటు 60. సీడీ ఇచ్చేదే ఇల్లు పట్టలేకపోతోంది.

‘హై-రెస్’ అనే బంగారు రంగు లోగో దీనికి పైన కడతానన్న మేడ. జపాన్ ఆడియో సొసైటీ ఇచ్చే ఆ లోగో కావాలంటే హెడ్‌ఫోన్లు, స్పీకర్లు 40,000 హెర్ట్జ్ దాకా పలకాలి. గబ్బిలాలకు పనికొచ్చే సంగతే. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనే ఇద్దరు హై-రెస్ డిస్కుల శబ్దాన్ని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రైస్ ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కిస్తే సరైన జవాబులు 52 శాతం చిల్లర తేలాయి. తేడా బొత్తిగా లేదని అనలేరు, ఉందని పర్సు తెరవనూ లేరు. 24 బిట్ల రికార్డింగు స్టూడియోకు అవసరమే, అక్కడ ఎన్నో పొరలు కలపాలి, సరిదిద్దాలి. విస్తరిలో వడ్డించాక గుండిగ సైజు గురించి ఆలోచించనక్కర్లేదు.

కుదించిన ఫైళ్ల విషయం కొంచెం వేరు. ఎంపీ3 చెవికి అందని వివరాలను వదిలేసి ఫైలును చిన్నది చేస్తుంది. సీడీకి సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి, మంచి ఎంపీ3కి 320 చాలు. 128 దగ్గర మాత్రం చప్పట్లు, తాళాలు, సింబల్స్, తంబురా జీవారి వంటివి నీటిలో తడిసినట్టు వినిపిస్తాయి. 320 దగ్గర చాలామందికి తేడా తెలియదు. 2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ అదనపు రుసుము లేకుండానే ఏమీ వదలని లాస్‌లెస్ పాటలు ఇవ్వడం మొదలుపెట్టాక ఈ వాదన సగం చల్లారింది. పాతకాలపు సైట్ల నుంచి దించుకున్న, ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు పాకిన పాటలే ఇంకా ప్రమాదకరం. ఒకసారి 128కి కుదించినదాన్ని మళ్లీ 320గా మార్చినా పోయింది తిరిగి రాదు.

డాక్, యాంప్లిఫయర్ సంగతి త్వరగా ముగించవచ్చు. ఇవాళ మామూలు ధరకు దొరికే వాటిలో కూడా వక్రీకరణ 1 శాతంలో పదో వంతు, వందో వంతు. సరైన శక్తి ఉంటే రెండు మంచి యాంప్లిఫయర్ల మధ్య తేడాను కళ్లు మూసుకుని పట్టుకోవడం కష్టం. తీగలు ఇంకా సులువు: స్పీకర్‌కు తగినంత లావు రాగి తీగ, గట్టి బిగింపు. పాములంత లావున్న, వేలు పోసే తీగ కొనడం ఆభరణం కొనడం లాంటిది, అలా అనుకునే కొంటే తప్పు లేదు.

స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి అంకెలు ఒక్కసారిగా మారిపోతాయి. బాస్ గట్టిగా పలికించినప్పుడు స్పీకర్ వక్రీకరణ కొన్ని శాతాలకు చేరుతుంది. ఒక పౌనఃపున్యం దగ్గర 5 డెసిబెల్స్ ఎక్కువ, ఇంకోచోట 5 తక్కువ ఉండటం అతి మామూలు. ఎదురుగా కూర్చుంటే ఒకలా, పక్కకు జరిగితే మరోలా వినిపిస్తుంది. యాంప్లిఫయర్లో వందో వంతు కోసం కొట్టుకుంటూ స్పీకర్లో పది వంతులు వదిలేయడం కుండలో చిల్లు ఉండగా మూతకు మెరుగు పెట్టడమే. పరిమితమైన డబ్బులో పెద్ద భాగం స్పీకర్లకో హెడ్‌ఫోన్లకో పోవాలనడానికి ఇదే ఆధారం.

పెట్టె మీది అంకెలు

1990లలో తెలుగు ఊళ్లలో టేపురికార్డరో, స్టీరియో సిస్టమో కొన్న ఇంట్లో పీఎంపీఓ అన్న నాలుగక్షరాలు తెలియనివారు ఉండరు. 1,000 వాట్లు, 2,000 వాట్లు పీఎంపీఓ అని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది. ఆ లెక్కకు ఒక ప్రమాణమంటూ లేదు. ఒక్క క్షణం పాటు, వక్రీకరణ ఎంతైనా పట్టించుకోకుండా, అన్ని స్పీకర్లనూ కలిపి ఊహించిన శిఖరం అది. అసలు నిలకడగా ఇచ్చే శక్తి అందులో చిన్న ముక్క. అమెరికాలో ఇలాంటి అంకెల ఆటను అడ్డుకోవడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫయర్ల మీద నిబంధన తెచ్చింది. ఇక్కడ ఆ పీఎంపీఓ బ్లూటూత్ పార్టీ స్పీకర్ల మీద కొత్త వేషాల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

దీన్ని పట్టుకోవడానికి ఇంజనీరు కానక్కర్లేదు. పరికరం వెనక అట్ట మీద అది ఎంత కరెంటు వాడుతుందో వాట్లలో రాసి ఉంటుంది. గోడలోంచి 60 వాట్లు తీసుకునే పెట్టె 2,000 వాట్ల శబ్దాన్ని నిలకడగా ఇవ్వదు. ఇల్లు కొనేటప్పుడు కార్పెట్ ఏరియా అడిగినట్టే ఇక్కడ నిలకడ శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లు అడగాలి. ఆ అంకె చిన్నదని కంగారు పడనవసరం లేదు. సున్నితత్వం 88 డెసిబెల్స్ అని రాసి ఉన్న స్పీకరు ఒక్క వాటుతో మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇస్తుంది, ఇంట్లో అది గట్టిగా వినడమే. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్లు కావాలి. 50 వాట్లకూ 60 వాట్లకూ తేడా నామమాత్రమే.

ఇంకో అంకె 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్. దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. దాని పక్కన ‘ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్’ వంటి మాట లేకపోతే ఆ వాక్యం సగమే. బొటనవేలంత స్పీకరు 20 హెర్ట్జ్ దగ్గర ఏదో ఒక చప్పుడు చేస్తుంది, వినపడుతుందా లేదా అన్నది వేరే సంగతి. ప్లస్-మైనస్ అంకె ఇచ్చిన సంస్థ, 55 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతానని ఒప్పుకున్నా సరే, ఇవ్వని దానికంటే నమ్మదగినది.

బ్లూటూత్ పేర్లు కొత్త గందరగోళం. బ్లూటూత్‌లో పాట దాదాపు ఎప్పుడూ ఏదో ఒక కోడెక్ పద్ధతిలో కుదించే వెళ్తుంది. అన్ని పరికరాలకూ తప్పనిసరి అయిన ఎస్‌బీసీ సుమారు 330 కిలోబిట్ల దాకా ఇస్తుంది, సోనీ వారి ఎల్‌డాక్ 990 దాకా వెళ్లగలదు, సిగ్నల్ బలహీనపడితే 330కి దిగుతుంది. ఐఫోను ఎస్‌బీసీ, ఏఏసీలకే పరిమితం. కాబట్టి ఫోన్‌లో లాస్‌లెస్ అని వెలిగే గుర్తు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ దాకా సాధారణంగా చేరదు, లాస్‌లెస్ కచ్చితంగా కావాలంటే తీగ కావాలి. అయితే బస్సులోనో, మెట్రోలోనో వినేవారికి ఈ చర్చ కంటే చుట్టూ ఉన్న 75 డెసిబెల్స్ రొద పెద్ద సమస్య. అక్కడ నాయిస్ క్యాన్సలింగ్ బాగా పనిచేసే మామూలు ఇయర్‌బడ్స్, అది లేని గొప్ప కోడెక్ కంటే ఎక్కువ సంగీతం వినిపిస్తాయి.

పేర్ల మీద నమ్మకానికి కూడా గడువు ఉంది. జేబీఎల్, ఏకేజీ, ఇన్ఫినిటీ, హార్మన్ కార్డన్ వేర్వేరు ఇళ్లలో పుట్టినా, హార్మన్ ద్వారా 2017లో శాంసంగ్ గొడుగు కిందికి వచ్చాయి. పాత పేరు మీద కొత్త ప్లాస్టిక్ పెట్టె వస్తే, అది ఆ పేరును తెచ్చిన పాత స్పీకరు కాదు. మంచిది కావచ్చు, కాకపోవచ్చు, విని తేల్చుకోవాలి.

గది కూడా ఒక పరికరమే

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న చోటు ఇదే. ఎక్కువమంది అడుగు పెట్టని చోటు కూడా ఇదే. నేల మీద టైల్స్, పైన స్లాబు, ఖాళీ గోడలు, పెద్ద గాజు కిటికీ: ఇప్పటి అపార్ట్‌మెంట్ హాలు చప్పట్లు కొడితే తిరిగి టకటకమని పలుకుతుంది. ఆ టకటక పాటలోని ప్రతి మాట వెనకా ఉంటుంది. అందుకే టీవీలో సంభాషణలు అర్థం కాక వాల్యూమ్ పెంచుతారు, గోల ఇంకా పెరుగుతుంది. మందపాటి కర్టెన్లు, నేల మీద జంపఖానా, గుడ్డ సోఫా, పుస్తకాలు కిక్కిరిసిన బీరువా: ఇవన్నీ కలిసి పై స్థాయి రొదను బాగా తగ్గిస్తాయి. గోడకు అంటించే అంగుళం మందం నురగ పలకలు ఫొటోకు బాగుంటాయి, పాత పరుపు ఒకటి మూలన నిలబెడితే వాటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

బాస్ దగ్గర మాత్రం కర్టెన్లు చేతులెత్తేస్తాయి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 12 అడుగుల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా సగం తరంగం ఇమిడే పౌనఃపున్యం దాదాపు 47 హెర్ట్జ్. ఆ స్వరం వచ్చినప్పుడల్లా గది తానూ గొంతు కలుపుతుంది. గోడ పక్కన కూర్చున్నవారికి బాస్ ఉబ్బిపోతుంది, గది మధ్యలో ఉన్నవారికి మాయమవుతుంది. పొడవూ వెడల్పూ సమానమైన చదరపు గదిలో ఇది రెండింతల చిరాకు. దీనికి మందు పరికరం మార్చడం కాదు, జరపడం. స్పీకరును మూలలోంచి బయటికి తీస్తే బాస్ తగ్గుతుంది, గోడకు ఒక అడుగు దూరం జరిపితే స్పష్టత పెరుగుతుంది. షోకేసు అరలో దూర్చిన స్పీకర్లు, వెనక గాలి రంధ్రం ఉన్నవైతే, బుడగలు ఊదినట్టు పలుకుతాయి.

సబ్‌వూఫర్‌కు ఒక పాత చిట్కా ఉంది. దాన్ని తాత్కాలికంగా వినే కుర్చీలోనే పెట్టి, బాస్ బాగా ఉన్న పాట వేసి, నేల మీద గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ బాస్ సమంగా, ఉబ్బకుండా వినిపిస్తుందో అక్కడికి సబ్‌వూఫర్ మార్చాలి. ఇంట్లోవారు వింతగా చూస్తారు, అయినా పావుగంటలో తేలే పని.

రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కొక్కటీ శ్రోతకు ఉన్న దూరం సమానంగా, సమభుజ త్రిభుజంలా ఉంచి, పై స్వరాలు పలికే చిన్న డ్రైవరు చెవి ఎత్తుకు వచ్చేలా పెడితే, ఘంటసాల మోనో పాట సరిగ్గా మధ్యలోంచి రావాలి. రాకపోతే ఏదో తప్పు ఉంది. తీగల్లో ఒకదాని ఎరుపు, నలుపు తారుమారైతే గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా పలచబడుతుంది, బాస్ ఎగిరిపోతుంది. ఏళ్లుగా ఇలాగే వింటున్న ఇళ్లు ఉన్నాయి.

సౌండ్‌బార్ ఈ త్రిభుజానికి సరిపోదు. మూడడుగుల కడ్డీలో కుడి ఎడమల ఎడం ఎక్కడి నుంచి వస్తుంది? కానీ సన్నని టీవీల్లో కిందికో, వెనక్కో చూసే బుల్లి స్పీకర్ల కంటే సంభాషణలకు అది చాలా మేలు. సినిమాలు, వార్తలు చూసే ఇంటికి అది తగిన కొనుగోలే. సంగీతం ప్రధానమైతే అదే డబ్బుకు రెండు చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు తీసుకోవడం మంచిది.

హెడ్‌ఫోను దారి

గది బాధ లేనిది హెడ్‌ఫోను. అద్దె ఇంటివారికి, హాస్టల్ విద్యార్థులకు అందుబాటులో ఉన్న అసలు హైఫై ఇదే. 2010ల మొదట్లో హార్మన్‌లో షాన్ ఆలివ్ బృందం వందల మందికి రకరకాల స్వర సమతౌల్యాలు వినిపించి, ఎక్కువమందికి నచ్చిన గీతను రూపొందించింది. ‘హార్మన్ కర్వ్’ అనే ఆ గీత, మంచి స్పీకర్లను మంచి గదిలో విన్నప్పుడు వచ్చే సమతౌల్యానికి దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు చవక ఇయర్‌ఫోన్ల తయారీదారులు, ముఖ్యంగా చైనాలోని మూన్‌డ్రాప్ వంటివారు, అలాంటి గీతలను గురిగా పెట్టుకుని తయారు చేస్తున్నారు.

ధరకూ దీనికీ సంబంధం ఎంత? 2017లో యెరోన్ బ్రేబార్ట్ 283 హెడ్‌ఫోన్ల కొలతలను ధరలతో పోల్చి చూశాడు. పౌనఃపున్య సమతౌల్యానికీ ధరకూ పొంతన కనిపించలేదు. ఎక్కువ డబ్బుకు మెత్తని దిండ్లు, గట్టి మడతలు, మంచి నాయిస్ క్యాన్సలింగ్ రావచ్చు. సరైన స్వరం ఖాయంగా వస్తుందని మాత్రం లేదు. ఇయర్‌ఫోన్లలో అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది రబ్బరు టిప్ సైజు. చెవిలో గాలి సందు మిగిలితే బాస్ అంతా బయటికి కారిపోతుంది. పెట్టెలో వచ్చే మూడు సైజులూ పెట్టి చూడకుండా బాస్ లేదని తిరిగి ఇచ్చేవారు ఎక్కువ. రెండు చెవులకు వేర్వేరు సైజులు పట్టడం కూడా మామూలే.

చెవిని నమ్మడం ఎలా?

చెవి మోసపోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది వాల్యూమ్. కొంచెం గట్టిగా వినిపించేది ఎప్పుడూ మెరుగ్గా తోస్తుంది, అర డెసిబెల్ తేడా ఉన్నా సరే. షోరూములో అమ్మాల్సిన మోడల్‌ను ఒక చుక్క గట్టిగా వినిపించడం చాలా పాత విద్య. 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచినట్టు, శబ్దం పెరిగేకొద్దీ చెవి బాస్‌ను నిష్పత్తి కంటే ఎక్కువగా అందుకుంటుంది. నెమ్మదిగా వింటే చప్పగా ఉన్న స్పీకరే గట్టిగా వింటే నిండుగా ఉండటం అందుకే. పోల్చేటప్పుడు రెండిటినీ ఒకే స్థాయికి తేవాలి. ఫోన్‌లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ అంత కచ్చితం కాకపోయినా, రెండిటినీ ఒకే చోట కొలిచి పోల్చడానికి సరిపోతుంది.

రెండో దారి కళ్లు. 1994లో టూల్, ఆలివ్ హార్మన్ ఉద్యోగులకే స్పీకర్లను ఒకసారి తెర వెనక ఉంచి, ఒకసారి ఎదురుగా చూపిస్తూ వినిపించారు. శబ్దం మారలేదు, మార్కులు మారాయి. పెద్దగా, అందంగా ఉన్నవాటికి చూసినప్పుడు మార్కులు పెరిగాయి, చిన్న చవక స్పీకరుకు తగ్గాయి. వృత్తిలో ఉన్నవారికే అలా అయితే మామూలు కొనుగోలుదారు తప్పించుకోవడం కల్ల. ఇంట్లో ఎవరినైనా తీగలు మార్చమని, ఏది ఏదో చెప్పవద్దని అడిగి, పదిసార్లు రాసుకుని చూస్తే చాలా వాదనలు అక్కడికక్కడే ఆగిపోతాయి.

పరీక్షకు దుకాణం వారి డెమో పాట కాదు, వందసార్లు విన్న పాట కావాలి. బాలు గొంతులో పల్లవికి ముందు తీసుకునే ఊపిరి, జానకి గొంతులోని సన్నని వణుకు ఎలా ఉంటాయో తెలిసినవారికి, స్పీకరు వాటిని ముదురు చేసిందా, మింగేసిందా వెంటనే తెలుస్తుంది. మనిషి గొంతే అన్నిటికంటే కఠినమైన పరీక్ష, ఎందుకంటే అది అందరికీ తెలిసిన వాద్యం. దాని తర్వాత మృదంగం: రెండు తలల శబ్దాలూ విడివిడిగా, ఒక్కో దెబ్బ మొదలూ చివరా తెలిసేలా ఉండాలి. ఒక పాటకు అద్భుతంగా ఉండి ఇంకో పాటకు చిరాకు పెట్టే స్పీకరు, ఆ మొదటి పాటకు తన రంగు పూసిందని అర్థం. పది పాటలు పది రకాలుగా వినిపిస్తే అది నమ్మకమైనది. అన్ని పాటలూ ఒకేలా హుషారుగా ఉంటే కాదు.

నచ్చినది వేరు, నమ్మకమైనది వేరు అన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. అమెరికాలో 2020లో వినైల్ రికార్డుల అమ్మకాల విలువ సీడీలను దాటింది. కొలతల్లో వినైల్ సీడీకి సాటి రాదు, ముల్లు గీకే చప్పుడు ఉంటుంది, బాస్ తగ్గించి చెక్కాలి. అయినా రికార్డు తీసి, తుడిచి, ముల్లు దించి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడంలో ఆనందం ఉంది, దానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు. దాన్ని హై ఫిడెలిటీ అని పేరు పెట్టి అమ్మినప్పుడే అభ్యంతరం. ఈక్వలైజర్‌తో బాస్ పెంచుకోవడం కూడా అంతే. ముందు సమంగా పలికే పరికరం ఉంటే, ఎవరి రుచికి వారు ఉప్పు వేసుకోవచ్చు. వంటలోనే ఉప్పు ఎక్కువైతే తీయడం కుదరదు.

మిగిలింది చెవి. మార్చుకోలేని పరికరం అదొక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవారికి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది: 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ, 75. ఫోన్ సెట్టింగుల్లో హెడ్‌ఫోన్ స్థాయిని కొలిచి, గరిష్ఠ హద్దు పెట్టే మీట ఉంటుంది. కొత్త హెడ్‌ఫోన్లు తెచ్చిన రోజునే దాన్ని ఆన్ చేసి, నిశ్శబ్దమైన గదిలో మాటలు స్పష్టంగా వినపడే స్థాయి దగ్గర గుర్తు పెట్టుకుంటే, బస్సులో ఆ గుర్తు దాటాల్సి వచ్చినప్పుడు పెంచాల్సింది వాల్యూమా, మార్చాల్సింది చెవిలోని రబ్బరా అన్నది తెలిసిపోతుంది.